పెదవి ముందు, మాట వెనక

పోయిన సంక్రాంతికి పిల్లలందరూ వచ్చినప్పుడు మావారు ఓ పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి గుచ్చారు. "ఏమిటో చెప్పుకోండి చూద్దాం" అన్నారు. 1998లో తెనాలిలో మా ఇంటి గృహప్రవేశం వీడియో! అప్పట్లో మా పెద్దాడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తూ హ్యాండీక్యామ్ తెచ్చుకుంది. ఆవిడ తీసిన చిన్న క్యాసెట్ ఇన్నేళ్లూ బీరువాలో పట్టుచీరల కింద పడుంది. ఎవరో చెబితే మావారు తీసుకెళ్లి ఓ షాపులో ఇచ్చి ఫైలుగా మార్పించి తెచ్చారు. మొత్తం 84 నిమిషాలు.

మొదట ఒకటే నవ్వులు. ఎవరు ఎంత సన్నగా ఉన్నారో, ఎవరి తలమీద ఎంత జుట్టుందో చెప్పుకున్నాం. గడప ముందు కొబ్బరికాయ కొట్టడం, ఆవుని లోపలికి తేవడం, పాలు పొంగించడం అన్నీ అయ్యాయి. సాయంత్రం పందిట్లో మామయ్యగారు లేచి నిలబడి నాలుగు మాటలు మాట్లాడిన ఘట్టం వచ్చింది. ఆయన 2006లో పోయారు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. అత్తయ్యగారు కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

ఆయన నోరు కదులుతోంది, మాట రావడం లేదు. నోరు మూసుకుని కండువా సర్దుకుంటున్నప్పుడు మాట వస్తోంది. పక్కవాళ్లు నవ్వేసిన తర్వాత ఆ నవ్వు తెప్పించిన మాట వినిపిస్తోంది. రెండు నిమిషాలు చూసి అత్తయ్యగారు "ఆపెయ్యండర్రా, డబ్బింగ్ బొమ్మలా ఉన్నారాయన" అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

మావారు చిన్నబుచ్చుకున్నారు. "పాత క్యాసెట్ కదా, అంతే వస్తుంది. మనిషి కనిపిస్తున్నారు, అది చాలదూ? సర్దుకోవాలి మరి" అన్నారు. మా అబ్బాయి "దానికేదో యాప్ ఉంటుందిలే అమ్మా, చూస్తాను" అని బెంగళూరు బస్సెక్కేశాడు. ఆ చూడటం ఇంకా కాలేదు.

మా అత్తయ్యగారికి వినికిడి తగ్గి పదేళ్లు దాటింది. మెషిన్ పెట్టుకుంటారు. అయినా ఆవిడ మాటని సగం చెవితో, సగం కంటితో వింటారు. ఈ సంగతి మాకు కరోనా రోజుల్లో గానీ తెలియలేదు. అందరం మూతులకి మాస్కులు కట్టుకోగానే ఆవిడకి ఒక్కసారిగా ఏమీ అర్థం కాకుండా పోయింది. "ఏమిటే, అందరూ గొణుగుతున్నారు" అనేవారు. పెదవులు చూసి మాట పట్టుకుంటున్నారని అప్పుడు అర్థమైంది. అలాంటి మనిషికి పెదవి ముందూ మాట వెనకా అయితే రెండూ పోయినట్టే. మనకి అది చిరాకు. ఆవిడకి భర్త గొంతు చేతికందినట్టే అంది జారిపోవడం.

అందుకే ఆ "సర్దుకోవాలి" అన్న మాట నాకు గుచ్చుకుంది. కూరలో ఉప్పు తగ్గితే సర్దుకుంటాం, బస్సులో సీటు లేకపోతే సర్దుకుంటాం. పోయిన మనిషి గొంతు విషయంలో ఎందుకు సర్దుకోవాలి? పైగా ఇది బాగుచేయడానికి వీల్లేని జబ్బా, కాదా అని కనుక్కున్నవాళ్లు కూడా మా ఇంట్లో ఎవరూ లేరు. సరే, ఆ పని నేనే చేద్దామనుకున్నాను. మధ్యాహ్నం పూట రెండు గంటలు ఖాళీ, అబ్బాయి వదిలేసిన పాత ల్యాప్‌టాప్, ఇవే నా పెట్టుబడి.

ముందుగా చేయాల్సింది ఒకటుంది, నాకూ ఆలస్యంగా తట్టింది. తప్పు ఫైలుదా, టీవీదా? టీవీకి బ్లూటూత్ స్పీకర్ కలిపి వింటే మంచి ఫైలుకి కూడా మాట వెనకబడుతుంది. అందుకని అదే టీవీలో అలాగే ఏదైనా సినిమా పెట్టి చూడండి. అది బాగుంటే తప్పు మీ ఫైలుదే. ల్యాప్‌టాప్‌లో కూడా వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే విని చూడండి. నాది ఫైలు తప్పే అని తేలింది.

ఇప్పుడు నా మొదటి తెలివితక్కువతనం చెబుతాను. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో ఆడుతున్నప్పుడు కీబోర్డు మీద జే నొక్కితే శబ్దం ముందుకి జరుగుతుంది, కే నొక్కితే వెనక్కి జరుగుతుంది. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. వీడియో మొదలైన నాలుగు నిమిషాలకి కొబ్బరికాయ కొట్టే చోటుంది కదా, అక్కడ ఆపి చూశాను. కాయ రెండు చెక్కలయ్యాక అర సెకనుకి చప్పుడొస్తోంది. జే పదిసార్లు నొక్కాను. చప్పుడూ చెక్కలూ కలిసిపోయాయి! పొంగిపోయి పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయాను. పాలూ పొంగాయి. తీరా మామయ్యగారి మాటల దగ్గరికి వెళ్లి చూస్తే మళ్లీ నాలుగు సెకన్లు వెనకే ఉంది.

అప్పుడు తెలిసింది, ఇందులో రెండు రకాల జబ్బులున్నాయని. ఒకటి, మొదటి నుంచి చివరి వరకు తేడా ఒక్కలాగే ఉండటం. గోడ గడియారం ఐదు నిమిషాలు ఫాస్టు పెట్టుకున్నట్టు. ఒక్కసారి సర్దితే అంతా సరిపోతుంది. రెండోది, తేడా పోనుపోను పెరగడం. రోజుకింత చొప్పున వెనకబడే గడియారం అన్నమాట. దాన్ని ఉదయం సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ తప్పు. అలాంటప్పుడు ముల్లు తిప్పడం కాదు, నడక సరిచేయాలి. చాలామంది నాలాగే ఒక్కచోట చూసి ముల్లు తిప్పుతారు, కుదరకపోయేసరికి "ఇది ఇంతే" అని వదిలేస్తారు. ఒక్కచోట చూస్తే ఏ జబ్బో తెలియదు. కనీసం రెండు చోట్ల చూడాలి, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి.

రెండు చోట్లంటే ఎక్కడ పడితే అక్కడ కాదు. కంటికీ చెవికీ ఒకే క్షణాన అందాల్సిన సంగతి ఏదైనా వెతకాలి. సినిమా ముహూర్తం రోజున క్లాప్ కొడతారు చూడండి, మనం అదేదో శాస్త్రం కోసం అనుకుంటాం. అసలు సంగతి ఇదే. బొమ్మ ఒకచోట, శబ్దం ఇంకోచోట రికార్డయినప్పుడు, ఆ పలకలు తగిలిన బొమ్మనీ ఆ టప్పుమన్న చప్పుడునీ ఒకదాని పక్కన ఒకటి పెడితే మిగతాదంతా దానంతటదే కలుస్తుంది. మన ఇళ్లల్లో తీసిన వీడియోల్లో క్లాపులకేం కొదవ? కొబ్బరికాయ ఉంది. తాళి కట్టేటప్పుడు డోలు మీద పడే దెబ్బ ఉంది. పిల్లలు బెలూన్ పగలగొట్టడం, ఎవరో ఒకరు స్టీలు పళ్లెం జారవిడవడం ఎలాగూ ఉంటాయి. మా వీడియోలో 80వ నిమిషం దగ్గర మా తోడికోడలు చేతిలోంచి తాంబూలం పళ్లెం జారింది. ఆ రోజు అందరూ కేకలేశారు పాపం. ఇన్నేళ్లకి ఆ పళ్లెమే నన్ను గట్టెక్కించింది.

పళ్లెం నేలకి తాకడానికీ చప్పుడుకీ మధ్య సుమారు ఐదు సెకన్లు. కొబ్బరికాయ దగ్గర సుమారు అర సెకను. అంటే 76 నిమిషాల్లో నాలుగున్నర సెకన్లు పెరిగింది. 76 నిమిషాలంటే 4,560 సెకన్లు. పాల చీటీ లెక్కలేసే కాగితం మీదే వేశాను. దాదాపుగా వెయ్యికి ఒకటి! ప్రతి వెయ్యి సెకన్లకీ ఒక సెకను చొప్పున మాట వెనకబడుతోంది. లెక్క అంత గుండ్రంగా తేలిందంటే అది క్యాసెట్ పాతబడటం వల్ల కాదు, ఎవరో ఎక్కడో ఒక అంకె తప్పు వేశారన్నమాట. నలభై ఏళ్లుగా ఇంటి పద్దు రాస్తున్నదాన్ని, ఆ మాత్రం వాసన పట్టగలను.

ఆ అంకె కథ కూడా తమాషాగా ఉంటుంది. వీడియో అంటే గబగబా మారే ఫొటోలే కదా. మన దేశం టీవీలకి పాల్ అనే పద్ధతి పెట్టుకుంది, సెకనుకి 25 బొమ్మలు. అమెరికా పద్ధతి పేరు ఎన్‌టీఎస్‌సీ. దానికి మొదట్లో సెకనుకి 30 బొమ్మలుండేవి. 1953లో అక్కడ రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు, రంగుల సంకేతం శబ్దం సంకేతంతో గొడవపడకుండా ఆ వేగాన్ని పిసరంత తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది. ఖచ్చితంగా చెప్పాలంటే 30,000ని 1,001తో భాగిస్తే వచ్చేది. 30కీ దానికీ తేడా ఎంతో చూడండి, వెయ్యికి ఒకటి!

మా ఆడపడుచు హ్యాండీక్యామ్ అమెరికాది. క్యాసెట్‌లో సెకనుకి 29.97 బొమ్మలున్నాయి. ఫైలుగా మార్చేటప్పుడు ఎవరో "ముప్పయ్యే కదా" అని 30 పెట్టేశారు. బొమ్మ పిసరంత తొందరగా పరిగెత్తింది, శబ్దం మాత్రం తన నడక తాను నడిచింది. గంటకి 3.6 సెకన్ల దూరం వచ్చేసింది. ఆ షాపు అబ్బాయి కావాలని చేసింది కాదు. ఐదు నిమిషాల ముక్క చూసి బాగానే ఉందనుకుని ఉంటాడు. పెళ్లి వీడియోలు రోజుకి పది చేసేవాడు పళ్లెం జారేదాకా ఎక్కడ చూస్తాడు? చివరిదాకా చూసేది ఇంటివాళ్లే. అందుకే ఈ పని ఇంటివాళ్లది అంటాను నేను.

బాగుచేయడానికి డబ్బేమీ పట్టలేదు. ఎంకేవీటూల్‌నిక్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. ఫైలుని అందులో వేసి, బొమ్మ ఉన్న వరస మీద నొక్కితే, పక్కన బొమ్మల వేగం రాసే గడి కనిపిస్తుంది. అక్కడ 30000/1001 అని రాసి చివర చిన్న పీ అక్షరం పెట్టాను. బొమ్మని కొత్తగా వండటం ఉండదు, వేగం మాత్రమే మారుతుంది. కాబట్టి ఉన్న నాణ్యత పోదు. అయ్యాక మళ్లీ చూస్తే కొబ్బరికాయ దగ్గరా పళ్లెం దగ్గరా తేడా ఒక్కలాగే ఉంది, పావు సెకను కంటే ఓ పిసరు తక్కువ. అంటే రెండో జబ్బు పోయి మొదటి జబ్బు మిగిలింది. దానికి శబ్దం ఉన్న వరస మీద నొక్కి, ఆలస్యం రాసే గడిలో మైనస్ 240 అని మిల్లీసెకన్లలో రాశాను. వీఎల్‌సీలో సర్దింది ఆ పూటకే, ఫైలు మారదు. ఇక్కడ చేసింది కొత్త ఫైలుగా నిలిచిపోతుంది. పాత ఫైలు అలాగే ఉంటుంది, భయం లేదు.

మరీ గీసి గీసి చూసుకోనక్కర్లేదు కూడా. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రసారాల కోసం రాసిన లెక్కలో, శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా మనిషి గమనించడం మొదలవుతుందని ఉంది. ముందు రావడాన్ని మనం ఎందుకంత తొందరగా పసిగడతాం అంటే, లోకంలో అలా ఎప్పుడూ జరగదు కనక అనుకుంటాను. మెరుపు తర్వాతే ఉరుము. చెరువు అవతలి గట్టున బట్టలు బండకేసి బాదుతుంటే చెయ్యి కిందికి వచ్చాకే చప్పుడు వినిపిస్తుంది. కాబట్టి ఎటూ తేలకపోతే శబ్దాన్ని ఓ వెంట్రుకవాసి వెనకే ఉంచండి, ముందుకి మాత్రం తేవద్దు.

మీ జబ్బు నాదే కావాలని లేదు. ఫోన్లో తీసిన వీడియోలని మార్చినప్పుడు కూడా మాట తప్పుతుంది. దానికి కారణం వేరు. ఫోను వెలుతురుని బట్టి సెకనుకి తీసే బొమ్మల సంఖ్యని మార్చేస్తుంటుంది. ఎడిటింగ్ ప్రోగ్రాంలు కొన్ని అది గుర్తించక తికమకపడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేగం ఎప్పుడూ ఒకేలా ఉండాలని ఎంచుకుని ఒకసారి మార్చుకుని, ఆ తర్వాత ఎడిటింగ్‌లో వేసుకుంటే చాలావరకు తీరిపోతుంది.

అసలు భయపడాల్సింది మూడో జబ్బుకి. తేడా ఒకేలా ఉండదు, లెక్కగానూ పెరగదు. కాసేపు బాగుంటుంది, ఉన్నట్టుండి గెంతుతుంది, మళ్లీ గెంతుతుంది. పాత టేపు నలిగి సంకేతం చెదిరిన చోట కంప్యూటర్ కొన్ని బొమ్మలు జారవిడుస్తుంది, శబ్దం మాత్రం ఆగకుండా రికార్డవుతుంది. అందుకే ఆ గెంతులు. మా చెల్లెలి సీమంతం వీడియో అలాంటిదే. నేను ఉత్సాహంగా "ఇలా తే, బాగుచేసి పెడతాను" అన్నాను. మూడు చోట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ విడిగా సర్ది కొంత నయం చేశాను గానీ, జారిపోయిన బొమ్మలు ఎక్కణ్ణుంచి వస్తాయి? దానికి మంచి ప్లేయర్‌లో, సంకేతాన్ని నిలకడపరిచే పరికరం పెట్టి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. "క్యాసెట్ ఎక్కడే?" అంటే "ఫైలు వచ్చేసింది కదాని ఇల్లు మారినప్పుడు పారేశానక్కా" అంది. సీమంతంలో మా అమ్మ పాడిన మంగళహారతి అందులో సగం సగమే ఉంది. అమ్మ లేదు, క్యాసెట్టూ లేదు.

మావారిని కూడా షాపులో "క్యాసెట్ మేమే పడేయమంటారా సార్" అని అడిగారట. ఎందుకో తెచ్చేసుకున్నారు. ఆయన జన్మలో చేసిన మంచి పనుల్లో అదొకటి అని ఆయనతోనే అన్నాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాత క్యాసెట్లు ఫైళ్లుగా మార్పించడం తద్దినం తీరినట్టు తీరిపోయే పని కాదు. ఫైలు చేతికొచ్చాక మొదటిసారి చూసేటప్పుడు మొదలూ, మధ్యా, చివరా మూడు చోట్ల మనుషులు మాట్లాడే ముక్కలు చూడండి. తేడా ఉంటే ఎక్కడ ఎంతో కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి. "సరిగ్గా లేదండీ" అంటే వినిపించుకోనివాళ్లు "నాలుగో నిమిషంలో అర సెకను, 80వ నిమిషంలో ఐదు సెకన్లు" అంటే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఫైలు ఎంత బాగా వచ్చినా క్యాసెట్ పారేయొద్దు. ఎండా చెమ్మా తగలని చోట నిలువుగా పెట్టి ఉంచండి. అన్నిటికన్నా ముందు గొంతులున్న క్యాసెట్లు మార్పించండి. అప్పటి పెళ్లి వీడియోలు చాలావాటిలో అసలు మాటలు తీసేసి సినిమా పాటలు కలిపేశారు. ఇంట్లోవాళ్లు చేతి కెమెరాతో తీసిన వంకరటింకర క్యాసెట్లలోనే మనవాళ్ల గొంతులు మిగిలి ఉన్నాయి. మొహానికి ఫొటోలున్నాయి. గొంతుకి ఇవి తప్ప దిక్కు లేదు.

ఇలాంటి పనులు మనవి కావనుకోవడం మానేద్దాం. పప్పు ఉడికిందో లేదో ఒక్క గింజ నలిపి చూసి చెప్పే చేతులు మనవి. ఎవరి గొంతు ఎలా ఉండేదో ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది కూడా మనకే. అబ్బాయిలకి తీరిక వచ్చేదాకా ఆగితే, చూడాల్సిన పెద్దవాళ్లు ఆగుతారా?

బాగుచేసిన రోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా అత్తయ్యగారిని పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాను. తిన్నగా ఆ ముక్కే పెట్టాను. మామయ్యగారు లేచారు, కండువా సర్దుకున్నారు, మాట్లాడారు. స్థలం ఎలా కొన్నదీ, అప్పు ఎలా తీర్చిందీ, చివర్లో "ఈ ఇల్లు నా ఒక్కడిదీ కాదు, మా ఆవిడ పొదుపు" అన్నదీ. అత్తయ్యగారు రెప్ప వెయ్యకుండా ఆయన నోటి వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ పెదవులు కూడా కదులుతున్నాయి. అయ్యాక మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి కూడా పెట్టమన్నారు.

ఏడుస్తారేమోనని నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నావైపు తిరిగి, "చూశావా అమ్మాయ్, గొంతెలా బొంగురుపోయిందో. ముందురోజు రాత్రి వద్దంటే వినకుండా డాబా మీద మంచులో పడుకున్నారు" అని కోప్పడ్డారు.

కోపం నా మీద కాదు లెండి.